నీలిడబ్బాలో ఉప్పు

మా బాపు పెద్దులుకు ఈ లోకంలో ఒక్కడే శత్రువు. ఎండ.

మనుషులతో ఆయనకు పేచీ లేదు. సర్పంచితో లేదు, అప్పుడప్పుడు అలిగే మా అమ్మ సాలమ్మతో కూడా లేదు. ఎండతో మాత్రం పుట్టు పగ. ఎందుకంటే ఆయన పుల్లఐసు అమ్మి బతికిన మనిషి. చిట్యాల చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగాడు. వెనక చెక్కడబ్బా, ముందు రబ్బరు హారన్. ఆ హారన్ వినబడితే పిల్లలు బట్టలు లేకుండానే బయటికి ఉరికేవాళ్లు. డబ్బాలో ఐసుల చుట్టూ దంచిన ఐసు, దాని మీద గుప్పెడు దొడ్డుప్పు. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుంది, పుల్లఐసు రాయిలాగా ఉంటుంది. అది ఆయన విద్య. పొద్దు నెత్తి మీదికి వచ్చాక డబ్బా అడుగున నీళ్లు గుడుగుడుమని చప్పుడు చేస్తే ఆయన మొహం మాడిపోయేది. ఆ చప్పుడంటే సరుకు పోయినట్టు.

తర్వాత ప్రతి కిరాణా కొట్టులోకీ ఫ్రిజ్ వచ్చింది. సైకిల్ ఐసు ఎవడూ కొనలేదు. అదే సమయంలో మా దవాఖాన వాళ్లకు ఒక మనిషి కావాల్సి వచ్చాడు. బుధవారం, శనివారం పిల్లల టీకాల రోజులు. పొద్దున్నే దవాఖానలో మందు సీసాలు నీలిడబ్బాలో పెట్టించుకుని ఊళ్లకు చేర్చాలి. లోపల నాలుగు పక్కలా నీళ్లు గడ్డకట్టించిన ప్లాస్టిక్ పలకలు, నడుమ సీసాలు. మా బాపు ఆ డబ్బాను చూసి నవ్వాడట. "గిది నా డబ్బనే గదా, రంగేసిన్రు గంతే" అన్నాడట. పని దొరికింది. ఊరు మాత్రం ఆయన్ని ఇప్పటికీ ఐసు పెద్దులు అనే అంటుంది.

ఇంకొక సంగతి ఉంది. నాకు ఒక అన్న ఉండేవాడు. నేను పుట్టకముందే పోయాడు. కంఠసర్పి. గొంతులో పొర కట్టి ఊపిరి ఆడలేదు. ఆ నెలలో టీకాల డబ్బా మా ఊరికి వచ్చింది గానీ లోపల ఐసు మొత్తం కరిగి ఉందట. ఆ మందు పనికిరాదని సిస్టర్ వాపసు తీసుకుపోయింది. ఆమె చేసింది కరెక్టే. మళ్లీ డబ్బా వచ్చేలోపే అన్న పోయాడు. మా బాపు దీని గురించి కథలు చెప్పడు. ఎప్పుడైనా అడిగితే ఒకటే మాట: "ఆ దినం డబ్బల ఐసు ఉండాల్సుండె."

అందుకే ఆ డబ్బాను ఆయన పసిపిల్లను మోసినట్టు మోస్తాడు. దాన్ని మోపెడ్ మీద కాళ్ల నడుమ పెట్టుకుని, తడి తువ్వాల కప్పి, దారిలో ఎవరు పిలిచినా ఆగడు.

ఒక్క రోజు ఆగాడు. ఆ రోజు గురించే చెబుతున్నాను.

మే నెల, బుధవారం. మా అక్క స్వర్ణ కాన్పుకు వచ్చి ఇంట్లోనే ఉంది. బిడ్డకు మూడున్నర నెలలు. బావ హనుమంతు కోస్గి నుంచి వచ్చాడు, భార్యాబిడ్డల్ని తీసుకుని పూణేకు పోవడానికి. అక్కడ బిల్డింగు పని. మేస్త్రి మనుషులందరినీ ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో బస్సు ఎక్కిస్తున్నాడు. ఎండ తిరిగేలోపు వీళ్లు మా ఊరు దాటాలి. వాళ్ల పెద్దోడు పూణేలోనే పుట్టాడు. ఈ బిల్డింగు, ఆ బిల్డింగు అని తిరుగుతుంటే వాడి సూదులు సగం తప్పాయి, వాటిని ఇప్పుడిప్పుడే పూర్తి చేస్తున్నారు. ఆ సంగతి మా బాపు గుండెలో ముల్లులాగా ఉంది.

"సూది పడినంకనే నా మనుమరాలు ఊరు దాటాలె" అని రాత్రే తీర్పు చెప్పేశాడు.

"మామా, పడుతది గదా, ఫికర్ ఎందుకు? పొద్దుగాల్నే ఏస్తరు, మధ్యాహ్నం పోతం" అన్నాడు బావ.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఆటో నడుపుతున్నాను. ఆ రోజు అక్కావాళ్లను చిట్యాలలో దించే డ్యూటీ నాది. సామాన్లు ఎక్కించి ఆటోను అంగన్‌వాడీ ముందే నిలబెట్టాను. లోపల పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు, ఏడుపులు, ఒకామె మీద ఒకామె అరుపులు. మా ఊరి సిస్టర్ సోమమ్మ కార్డులు చూస్తోంది. ఆమె పక్కన కోమల. మేళ్లచెరువు పిల్ల, నర్సింగ్ చదువుతోంది, ఊళ్లలో పని నేర్చుకోవడానికి మా దవాఖానకు పంపించారు. గాలి పీల్చకుండా మాట్లాడుతుంది. మొదటి రోజే మా బాపును "తాతా" అని పిలిచి తిట్లు తిన్నది. "కాకా అను. నాకేమన్న ముడుతలు పడ్డయా?" అన్నాడు, ముడతల మొహంతోనే.

హారన్ మోగింది. మోపెడ్‌కు కూడా ఆ పాత రబ్బరు హారనే పెట్టుకున్నాడు మరి.

డబ్బాను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టి, మీసం దువ్వుకున్నాడు. "ఇయ్యాల చూడున్రి! ఎవలన్న లోపల చెయ్యి పెడితే ఏలు కొంకర్లు పోవాలె. ఎండ కాదు, ఎండ తాత వచ్చినా నా డబ్బను ఏం పీకలేడు!"

"మస్తు మాట్లాడుతున్నవ్ పెద్దులన్నా" అని నవ్వింది సోమమ్మ.

కోమల మూత తీసింది. తీసిన చెయ్యి తీసినట్టే ఆగిపోయింది. పలకల సందుల్లో, సీసాల సంచి చుట్టూ దంచిన ఐసు కుక్కి ఉంది. డబ్బా అంచున తెల్లటి పలుకులు. పిల్ల వేలితో ఒక పలుకు తీసి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు!"

"దొడ్డుప్పు" అన్నాడు బాపు గర్వంగా. "చిట్యాల గోపాల్ ఐసు దుకాణంల ఆగి ఏపిచ్చిన. దవాఖానోళ్ల పలకలు ఉత్త నీళ్లయి. గీ ఎండకు ఏం ఆగుతయి? ఉప్పేస్తే రాయి అయితది బిడ్డా, రాయి!"

"తాతా!" అని అరిచింది కోమల. కాకా మాట గాలికి పోయింది. "ఎన్ని దినాల నుంచి ఏస్తున్నవ్?"

"ఇయ్యాలనే. నా మనుమరాలికి గదా అని..."

"మునుపు ఎప్పుడన్న?"

"మా తల్లి తోడు, ఇదే మొదలు. ఏమైంది?"

అప్పటికే కోమల సంచి విప్పి ఒక్కొక్క సీసా తీసి చూస్తోంది. పెంటావలెంట్ సీసాలవి. ఐదు జబ్బులకు ఒకే సూది. మా అన్నను చంపిన కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్లు, మెదడువాపు తెచ్చే ఇంకొక పురుగు. ఒక సీసా డబ్బా గోడ పక్కకు జారి ఉంది. దాన్ని ఊపింది. కదల్లేదు. లోపల మందు గడ్డకట్టుకుపోయింది.

సోమమ్మ నవ్వు ఆరిపోయింది.

"ఒకటి పోయింది, పోనీ. దాన్ని అవతల పారేయి. మిగిలినయి మంచిగనే కదులుతున్నయి గదా, అండ్ల నుంచి ఎయ్యి. ముందుగాల నా మనుమరాలికే ఎయ్యి, నాకు నమ్మకమే" అన్నాడు బాపు.

"నువ్వు నమ్మితే మందు నమ్ముతదా?" అంది కోమల. "చెడిపోయిన మందు ఇస్తే ఏమైతదో తెలుసా కాకా? ఏం కాదు. అదే పరేషాన్. సూది గుచ్చుతం, పాప ఏడుస్తది, కార్డుల ఏసినట్టు రాస్తం, మీరు నిమ్మలంగ పోతరు. లోపల బలం మాత్రం రాదు. రేపు కంఠసర్పి వస్తే ఆపేటోడు ఉండడు. మీకు తెల్వను కూడా తెల్వదు."

కంఠసర్పి అనే మాట పడగానే బాపు నోరు ఒక్కసారి మూతపడింది. మళ్లీ తెరుచుకుంది. ఈసారి గట్టిగా.

"చల్లదనానికి మందు చెడిపోతదా! ఎండకు చెడిపోయిందంటే ఇన్న. చలికి చెడిపోయిందంటే ఎవడు నమ్ముతడు? నేను బతుకంత ఐసుల ఉన్న!"

ఆడవాళ్లంతా ఆయన పక్కకే తిరిగారు. "అవు మరి, సల్లగ ఉండాల్ననే గదా డబ్బ" అంది ఒకామె. "మేము కూలి ఇడిచి వచ్చినం పిల్లా, ఏదో ఒకటి పొడిచి పంపియ్యి" అంది ఇంకొకామె. బావ ఫోన్‌లో టైం చూస్తున్నాడు. అక్క బిడ్డను భుజం మార్చుకుంటోంది.

సోమమ్మ డాక్టరమ్మకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. డాక్టరమ్మ గొంతు గదంతా వినబడింది: "ఉప్పా? ఎవరికీ వేయలేదు కదా? ముందు అది చెప్పండి... సరే. అనుమానం ఉన్న ఏ సీసా నుంచీ వేయొద్దు. ఇంకో డబ్బా ఇస్తాను, మనిషిని పంపండి. పోలియో చుక్కలకు చలితో ఇబ్బంది లేదు, అవి వేస్తూ ఉండండి."

పంపాల్సిన మనిషి మా బాపే. ఆయన కదలడే! చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా డబ్బల మందు మంచిగుంది. నేను పోను."

నాకు తిక్క లేచింది. "బాపూ, పోదాం పా" అన్నాను. "నువ్వు నోరు మూస్కో, చదువు ఇడిచిపెట్టినోనివి" అన్నాడు. ఇద్దరం పోట్లాటకు దిగేవాళ్లమే.

కోమల నడుమకు వచ్చింది. "కాకా, నన్ను నమ్మకు. నీ కండ్లను నమ్ముతవా?"

గడ్డకట్టిన సీసాను ఆయన చేతిలో పెట్టింది. "దీన్ని కరిగియ్యి."

బతుకంతా ఐసు కరగకుండా కాపలా కాసిన మనిషి, దాన్ని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఊదాడు. చంకలో పెట్టుకున్నాడు. ఆడవాళ్లు ఆగుతారా! "కోడి పొదిగినట్టు పొదుగుతున్నవేంది పెద్దులన్నా?" "జర పైలం, పిల్ల అయితది!" బాపుకు కూడా నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

సీసా మొత్తం కరిగింది. కోమల దాన్ని ఒక చేతిలో, అదే బ్యాచ్‌లో గడ్డకట్టనట్టు కనబడే సీసాను ఇంకో చేతిలో పట్టుకుని గట్టిగా ఊపింది. రెండూ తెల్లగా, చిక్కగా అయ్యాయి. రెండింటినీ కిటికీ వెలుతురులో బల్ల మీద పక్కపక్కనే పెట్టింది.

"మంచి మందయితే సల్లలెక్క తెల్లగ నిలబడుతది, తొందరగ అడుగుకు దిగదు. గడ్డకట్టి చెడిపోయింది జల్ది కిందికి దిగి, మీద నీళ్లు తేలుతయి. చూడున్రి."

బల్ల చుట్టూ తలలు మూగాయి. నా తల కూడా. మా ఊళ్లో కోడిపందెం దగ్గర కూడా అంత ఊపిరి బిగబట్టిన జనాన్ని నేను చూడలేదు. మొదటి సీసాలో నూకల్లాంటి పలుకులు దిగడం మొదలుపెట్టాయి. మీద తేటనీళ్లు తేలాయి. రెండోది తెల్లగానే ఉంది.

"ఉన్నది! నాది నిలబడ్డది!" అని బాపు బల్ల చరిచాడు.

"బల్ల కదపకు కాకా!"

"నిలబడు, నిలబడు" అని ఒకామె సీసాకే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. బావ కూడా ఫోన్ జేబులో పెట్టి ముందుకు వంగాడు.

రెండోదాంట్లో పైన సన్నటి గీత కనబడింది. ముందు నాకు అనుమానం. తర్వాత అనుమానం లేదు. గీత కిందికి దిగింది. దాని మీద నీళ్లు తేటగా. చూస్తుండగానే రెండు సీసాలూ కవలపిల్లల్లాగా తయారయ్యాయి. ఏది గడ్డకట్టిందో, ఏది కట్టనట్టు కనబడిందో చెప్పలేనంతగా.

ముందుకు వంగిన ఆడవాళ్లు ఒక్కొక్కరే బాపు వైపు తిరిగారు.

బాపు రెండు సీసాలనూ చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు: "పాల ఐసు గిట్లనే అయితది. ఒకపారి గడ్డకట్టి కరిగిందంటే ఇరుగుతది. మళ్ల ఎంత కలిపినా పాలు కాదు. నాకు తెలుసు గిది. గీ సంగతి నాకు తెలుసు!"

తల పైకెత్తి నా వైపు చూశాడు. "ఏం చూస్తున్నవ్రా? ఆటో తియ్యి!"

సామాన్లు కింద పడేసి, ఉప్పు తగిలిన సూదిమందు సీసాలు ఎక్కించుకుని ఆటో తీశాను. బావ వెనక నుంచి అరిచాడు, "మామా, మేస్త్రి ఆగడు!" బాపు ఆటోలోంచి తల బయటికి పెట్టి, "ఆగకుంటే నీ మేస్త్రిని కూడా పొదుగుత!" అన్నాడు. అర్థం లేదు. అయినా అందరూ నవ్వారు.

దవాఖానలో డాక్టరమ్మ తిట్టింది. బాగానే తిట్టింది. ఉప్పేసిన సీసాలకు గుర్తుపెట్టి పక్కన పెట్టించింది. ఇంకో డబ్బా, కొత్త సీసాలు తీయించింది. పెద్ద ఫ్రీజర్‌లోంచి నాలుగు పలకలు తీయించి బల్ల మీద పెట్టించింది. రాళ్లలాగా ఉన్నాయి, మీద పొగ. బాపు గబుక్కున వాటిని డబ్బాలో దోపబోయాడు.

"ఆగు! ఇప్పుడే పెడితే మళ్లీ అదే కథ. ఫ్రీజర్‌లోంచి తీసిన పలక ఉప్పు లేకున్నా మందును గడ్డకట్టిస్తుంది. చెమట పట్టాలి. ఊపితే లోపల నీళ్ల చప్పుడు రావాలి. అప్పుడు పెట్టాలి" అంది డాక్టరమ్మ.

"ఐసు కరిగేదాంక ఆగాల్నా? నేను?"

"నువ్వే."

అట్లా నిలబడ్డాడు మా బాపు. ఊళ్లో మనుమరాలు ఎదురుచూస్తోంది, బస్సు టైం దగ్గరపడుతోంది, నా ఆటో ఇంజన్ ఆపకుండా ఉంది, ఆయన మాత్రం ఐసు ముందు చేతులు కట్టుకుని, అది కాస్త కరగాలని మొక్కుతున్నాడు. ఎండను బతుకంతా తిట్టిన మనిషి, పలకల్ని కిటికీ పక్కకు జరపబోతే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "తొందరపెట్టకు." ఒక పలక తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. మళ్లీ పెట్టాడు. నేను గోళ్లు కొరుకుతున్నాను. పలకల మీద మంచు తెలుపు పోయి తడి మెరిసింది. బల్ల మీద నీళ్లు పారాయి. మళ్లీ తీసి ఊపాడు.

గుడుగుడు.

ఆయన మొహం చూడాల్సింది. ఒకప్పుడు ఆ చప్పుడుకే మాడిపోయిన మొహం. "ఇన్నవారా? గుడుగుడుమంటున్నది! మాట్లాడుతున్నది!" అని పలకను నా చెవికి ఆనించాడు. నాలుగూ ఊపి, నాలుగింటి మాటా విన్నాకే డబ్బాలో పెట్టనిచ్చాడు.

హైవే మీద ఆటోను ఎంత తొక్కవచ్చో అంత తొక్కాను. విజయవాడ లారీలు పక్కనుంచి గాలి కొట్టి పోతున్నాయి. వెనక బాపు ఒకసారి "ఉరికియ్యరా" అంటాడు, ఒకసారి "మెల్లగ, డబ్బ అదురుతున్నది" అంటాడు. చిట్యాలలో గోపాల్ తన దుకాణం ముందు నుంచి అరిచాడు, "పెద్దులన్నా, ఐసు కొట్టాల్నా?"

"నీ ఐసు నువ్వే తిను!" అన్నాడు బాపు.

అంగన్‌వాడీ గడపలో అక్క ఎదురొచ్చింది. బావ చెవికి ఫోన్ ఉంది. మేస్త్రి తిట్లు మాకు కూడా వినబడుతున్నాయి. కోమల మూత తీసింది, పలకలు ఊపి చూసింది, సీసా తీసి ఊపి వెలుతురుకు పట్టింది. తెల్లగా, పల్చటి మజ్జిగలాగా. దిగలేదు. సూదిలోకి తీసుకోకుండా బాపు వైపే చూస్తూ నిలబడింది. ఆయన ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు.

"నిలబడ్డది" అన్నాడు. "ఎయ్యి బిడ్డా."

మనుమరాలి ఎడమ తొడ బయటివైపు సూది పడింది. కుడి తొడ మీద ఇంకొకటి, భుజం మీద చిన్నది. పిల్ల ఊరు దద్దరిల్లేలా ఏడ్చింది. మా బాపు ఆ ఏడుపు విని, బోనాల డప్పు విన్నట్టు తల ఊపాడు.

బావ సంచి ఎత్తాడు. సోమమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అరగంట కూసోవాలె. ఏమన్న తేడా చేస్తే మేము ఈడనే చూసుకుంటం."

"సిస్టర్, బస్సు!"

అక్క కూర్చుంది. తన సంచిని బావ కాళ్ల దగ్గర పడేసింది. "నువ్వు పో. నేను రేపొస్త."

బావ ఆమెను చూశాడు, బిడ్డను చూశాడు. తర్వాత ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అన్నాడు: "మేస్త్రీ, బిడ్డకు సూదేసిన్రు. అరగంట కదలొద్దంట. ఆగుతె ఆగు, లేకుంటే నీ పనికి ఇంకొకన్ని చూస్కో." అవతల ఏదో గొణుగుడు. బావ ఫోన్ పెట్టేసి నవ్వాడు. "ఆగుతడంట. ఇంకొకడు దొరకడు వానికి."

ఆ అరగంట కోమల అక్క పక్కనే కూర్చుని చెబుతూనే ఉంది. జ్వరం రావచ్చు, భయపడొద్దు, పాలు మానొద్దు. సూది పడ్డచోట సున్నం, పసుపు ఏదీ రాయొద్దు. తట్టుకు సూది తొమ్మిది నెలలు నిండినాక. కార్డు పోగొట్టుకోవద్దు. "పూణే అయినా, ఏ ఊరైనా, కార్డు చూపిచ్చు అక్కా. టీకాలు అంతట ఉత్తగనే ఏస్తరు. మీది ఆ ఊరు కాదన్న మాటే లేదు." అక్క ప్రతి మాటకూ తలూపుతూ కార్డును రవికెలో దోపుకుంది.

అరగంట అయ్యాక చిట్యాలకు ఆటో తోలాను. హైదరాబాద్ బస్సు దూరం నుంచి కనబడుతుండగా బాపు అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, ఆడ సూది ఏపిచ్చేముందు నర్సమ్మను ఒక్క మాట అడుగు. డబ్బల పలక ఊపి చూసినవా అమ్మా, గుడుగుడుమంటున్నదా అని అడుగు. అన్నదంటేనే ఏపియ్యి."

"మామా, వాళ్లు మరాఠోళ్లు" అన్నాడు బావ, పెద్దోణ్ని ఎక్కించి, సంచులు బస్సులోకి విసురుతూ. "గుడుగుడును ఆళ్లేమంటరో నాకు తెల్వది."

"మాట ఎందుకురా? పలక చెవుకాడ పెట్టి ఊపుమను. ఏ భాషలనైనా ఒక్కటే చప్పుడు!"

బస్సు కదిలింది. అక్క కిటికీలోంచి బిడ్డ చెయ్యి పట్టుకుని ఊపింది. మా బాపు చేతిలో ఏమీ లేకపోయినా, చెవి పక్కన చెయ్యి పెట్టుకుని, లేని పలకను ఊపి చూపిస్తూ బస్సు వెంట నాలుగు అడుగులు ఉరికాడు.